బొగ్గులో బూడిద ఎంత?

వరంగల్లు పేరు వినగానే చదువరుల మనస్సులో కాకతీయుల కోట, వేయి స్తంభాల గుడి, కొత్తవాడ తివాచీలు మెదలుట సహజం. బొగ్గు మెదలదు. కాని కాజీపేట జంక్షనులో ఒక పూట నిలబడి చూచినవారికి బల్హార్షా మార్గం నుండి వచ్చే నల్లని వ్యాగన్ల వరుసలు ఎంతకూ తరగవు. ఇల్లందు ప్రాంతంలో నేలబొగ్గు ఉన్నదని భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో గుర్తించినాడు. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు నుండి విడివడేవరకు ఆ ఇల్లందు మన జిల్లాలోనిదే. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ అక్కడ తవ్వకాలు సాగించగా, 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపొందినది. ఇక భూపాలపల్లి గనులు, వాటికి చేరువనే చేల్పూరులో 2010లో 500, 2016లో 600 మెగావాట్ల యూనిట్లు నెలకొన్న కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం పూర్వపు వరంగల్లు జిల్లాలోనివే. కనుక బొగ్గును గురించి మన వార్షిక సంచికలో నాలుగు మాటలు వ్రాయుట అప్రస్తుతం కాదని మేము తలంచుచున్నాము.

అయితే మేము వ్రాయదలచినది బొగ్గును గురించి కాదు, అందులోని బూడిదను గురించి. మరింత స్పష్టంగా చెప్పవలెనంటే, ఆ బూడిదను కొలిచే మనుషులను గురించి, వారు కొలిచినది నిజమా కాదా అని తేల్చే ఒక చిన్న లెక్కను గురించి.

బొగ్గు కొనేవాడు బరువుకు మాత్రమే వెల ఇవ్వడు, వేడికి ఇస్తాడు. బొగ్గులో కలిసిన మన్ను, రాయి మండవు, బూడిదగా మిగులుతాయి. గోండ్వానా కాలపు మన బొగ్గులో ఈ మట్టి పదార్థం గింజ గింజకూ కలిసిపోయి ఉండుట చేత మన పొరలలో బూడిద పాలు హెచ్చు. ప్రయోగశాలలో బొగ్గును 212 మైక్రాన్ల జల్లెడ దాటేంత మెత్తగా నూరి, తూచి, కొలిమిలో 815 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కాల్చి, మిగిలినదానిని తిరిగి తూచినచో బూడిద శాతం తెలియును. మన దేశంలో చాలాకాలం వాడుకలో ఉండిన సూత్రం ప్రకారం, 8900 నుండి బూడిద, తేమ శాతాల మొత్తాన్ని 138తో హెచ్చించి తీసివేసినచో కిలో బొగ్గులోని ఉపయోగపు వేడి కిలో కెలోరీలలో వచ్చెడిది. బూడిద, తేమ కలిసి 36 శాతమైతే 3932 అన్నమాట; ఆనాటి 'ఇ' తరగతి. 2012 జనవరి నుండి ఈ పద్ధతి పోయి మొత్తం కెలోరీ విలువను బట్టి జి-1 మొదలు జి-17 వరకు తరగతులు వచ్చినవి. నడిమి తరగతులలో ఒక్కొక్క మెట్టు 300 కిలో కెలోరీలు. బూడిద కొంచెం అటు ఇటైతే మెట్టు మారును, మెట్టు మారితే రేకుకు, అనగా గూడ్సుబండి మొత్తానికి, చెల్లించే ధర మారును.

ఇంతటి వెల ఒక గ్రాము పొడి మీద ఆధారపడి ఉన్నది. ఆ గ్రాము ఎక్కడి నుండి వచ్చినది? మూడు నాలుగు వేల టన్నుల బొగ్గులో నుండి ఎవరో ఒకరు పారతో తీసిన గుట్టలో నుండి. ఆ గుట్టను శంఖువు వలె పోసి, పైన అదిమి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లను ఉంచి తక్కినవి పారవేసి, మరల అట్లే చేయగా చేయగా చివరికి సంచిలోకి వచ్చినది. శాస్త్రజ్ఞులు దీనిని ప్రతిచయనం అంటారు. మా మేనమామగారు దీనిని 'నమూనా ఎత్తుడు' అనేవారు.

మేము మామూజాన్ అని పిలుచుకొనే ఆయన ఒక బొగ్గు శుద్ధి కర్మాగారంలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేసినారు. దాని పేరు ఇచ్చట అవసరం లేదు. గని నుండి వచ్చిన బొగ్గును నలగగొట్టి, రాయిని వేరుచేసి, వ్యాగన్లకు ఎత్తే చోటు అది. ఆయన చదివినది పాత హైదరాబాదు రాజ్యపు ఒరవడి మిగిలిన ఉర్దూ బడిలో, ఏడవ తరగతి వరకు. అంకెలు ఉర్దూలో, ఊళ్ల పేర్లు తెలుగులో వ్రాసిన ఒక గట్టి అట్ట నోటుపుస్తకం ఆయన వద్ద ఎప్పుడూ ఉండేది. ప్రతి రేకుకు ఎత్తే చోట వచ్చిన బూడిద శాతం, తరువాత కొనుగోలుదారు తన ప్రయోగశాలలో తేల్చినదని కబురు వచ్చిన శాతం, రెండూ పక్కపక్కన వ్రాసుకొనేవారు. ఎవరూ వ్రాయుమని చెప్పలేదు.

ఒక వేసవిలో ఆయనకు సంజాయిషీ కోరుతూ లేఖ వచ్చినది. కొనుగోలుదారు వద్ద బూడిద హెచ్చుగా తేలుచున్నదనియు, ఎత్తే చోట నమూనా తీసేవారు 'మంచి బొగ్గును ఏరి' సంచిలో వేయుచున్నారని అనుమానం కలదనియు అందులో ఉండినది. ఉద్యోగ విరమణకు రెండేళ్లు ఉన్నవి. ఇంట్లో ఒక చెల్లెలి పెళ్లి నిశ్చయమై ఉన్నది. ఆ లేఖను ఆయన మాకు చూపినప్పుడు కోపం చూపలేదు. "బేటా, నువ్వు లెక్కల చదువు చదివినవు కదా, ఈ పుస్తకం చూసి నేను దొంగనా కాదా చెప్పు" అన్నారు. సాంఖ్యక శాస్త్రం అటువంటి ప్రశ్నకు జవాబు చెప్పదని మాకు తెలియును. ఆ మాట ఆయనతో ఎట్లు చెప్పవలెనో తెలియలేదు.

ఇంతలో ఆ కార్యాలయంలోనే ఆయన మేలు కోరిన ఒక గుమాస్తా లెక్క వేసి పెట్టినాడు. ఎత్తే చోటి అంకెలన్నిటికీ ఒక సగటు, దించుకొనే చోటి అంకెలన్నిటికీ ఒక సగటు తీసి, రెండు సగటుల భేదానికి టి-పరీక్ష చేసి 'సార్థకమైన భేదం లేదు' అని తేల్చినాడు. మామూజాన్‌కు అది ఊరట. మాకు మాత్రం అనుమానం వచ్చినది. ఏలనగా ఆ నోటుపుస్తకం చేసుకొన్న పెద్ద ఉపకారాన్ని ఆ లెక్క పారవేసినది.

అది ఏమిటో చూపుటకు ఒక ఉదాహరణ ఇచ్చుచున్నాము. ఈ అంకెలు ఆ పుస్తకంలోనివి కావు, పాఠానికై మేము కల్పించినవి. కాని కథ అదే. ఎనిమిది రేకులు అనుకొందాము. ఎత్తే చోట బూడిద శాతాలు వరుసగా 34.2, 36.8, 31.5, 38.4, 33.0, 35.6, 40.1, 32.7. అవే రేకులకు దించుకొనే చోట 35.0, 37.1, 32.6, 38.9, 34.1, 35.5, 41.0, 33.5. మొదటి వరుస అంకమధ్యమం 35.2875, రెండవదాని అంకమధ్యమం 35.9625. భేదం 0.675 శాతం.

గుమాస్తా పద్ధతిలో చూచినచో రేకుకు రేకుకు మధ్యనే బూడిద 31 నుండి 41 వరకు ఊగుచున్నది. రెండు వరుసలలోను క్రమవిచలనం ఇంచుమించు 3. ఇంతటి ఊగులాటలో 0.675 ఏపాటిది? జాతరలో చిన్నపిల్లవాని కేక వంటిది. టి విలువ 0.46 వచ్చును. పదునాలుగు స్వతంత్ర పరిమాణాలకు, అయిదు శాతం సార్థకత స్థాయిలో పట్టికలోని హద్దు 2.145. కనుక 'భేదం లేదు'.

కాని ఈ ఊగులాట ఎవరిది? ఒక రేకు బొగ్గు మంచిది, మరొకటి చెడ్డది. ఒకటి ఒక పొరది, మరొకటి వేరొక పొరది. ఇది బొగ్గు గుణమే కాని కొలత గుణం కాదు. రెండు చోట్లా కొలిచినది అదే రేకును గదా! అందుచేత ఏ రేకుకు ఆ రేకు జతను పక్కన పెట్టి భేదాలు మాత్రమే తీయవలెను. అవి 0.8, 0.3, 1.1, 0.5, 1.1, -0.1, 0.9, 0.8. బొగ్గు తాలూకు ఊగులాట అంతయు తీసివేతలో కొట్టుకొని పోయినది. ఈ ఎనిమిది భేదాల క్రమవిచలనం 0.42 మాత్రమే. దానిని ఎనిమిది వర్గమూలంతో భాగించగా ప్రామాణిక దోషం 0.147. భేదాల సగటు 0.675ను దానితో భాగించగా టి విలువ 4.58. ఏడు స్వతంత్ర పరిమాణాలకు అయిదు శాతం హద్దు 2.365, ఒక శాతం హద్దు 3.499. రెండూ దాటినది. అవే అంకెలు, అదే సగటు భేదం. ఒక లెక్కలో ఏమీ లేదు, మరొక లెక్కలో నిస్సందేహంగా ఉన్నది.

ఈ చిన్న ప్రతిరూపాల పరీక్షను కనిపెట్టిన విలియం గాసెట్ డబ్లిన్‌లో బీరు తయారుచేసే గిన్నెస్ సంస్థలో ఉద్యోగి. ఉద్యోగులు స్వంత పేరుతో పరిశోధనలు అచ్చువేయరాదన్న నిబంధన వలన 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో ప్రకటించినాడు. వేల కొద్దీ పరిశీలనలు లేనివాడికి, చేతిలో ఎనిమిదో పదో అంకెలు మాత్రమే ఉన్నవాడికి పనికివచ్చే లెక్క కావలసి వచ్చి కనుగొన్నాడు. కర్మాగారంలో పుట్టిన లెక్క అది. గనికీ కర్మాగారానికీ తిరిగి రావడంలో వింత లేదు. మన తెలుగువాడైన సి.ఆర్. రావుగారు 1920లో హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత సాంఖ్యక సంస్థలో ఈ శాస్త్రాన్ని ఎంత ఎత్తుకు తీసికొనిపోయినారో మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో! 2023 ఆగస్టులో 102 ఏళ్ల వయస్సున ఆయన మరణించినప్పుడు మన పట్టణంలోని ఒక పెద్ద చదువరి 'ఏ సినిమాలో నటించినాడు?' అని మమ్ము అడిగినాడు. పోనిండు.

ఇప్పుడు మా ఇబ్బంది చదువరులకు అర్థమైయుండును. గుమాస్తా లెక్క మామూజాన్‌ను కాపాడుచున్నది, కాని సరియైనది కాదు. మా లెక్క సరియైనది, కాని భేదం నిజమని తేల్చి ఆయన మీది అనుమానానికి బలం ఇచ్చునట్లు ఉన్నది. రెండు రాత్రులు ఆలోచించి, మా లెక్కనే ఆయనకు చెప్పినాము. చెప్పక ఊరకుండుట కూడా సాధ్యమయ్యెడిది. ఆయన మా లెక్కను సరిచూడగలవారు కారు. అందువలననే ఊరకుండలేకపోతిమి.

ఆయన విని కొంతసేపు పలుకలేదు. తరువాత, "ఫరక్ ఉన్నది, నాకు తెలుసు. దొంగతనం కాదు. పార చిన్నది, రాయి పెద్దది" అన్నారు.

ఈ నాలుగు మాటలలో ప్రతిచయన శాస్త్రంలోని పెద్ద అధ్యాయం ఒకటి ఉన్నది. నమూనా తీసే పరికరం నోరు కుప్పలోని అతి పెద్ద గడ్డకు ఇంచుమించు మూడు రెట్లు ఉండవలెనని నియమం. అంతకన్న ఇరుకైనదైతే పెద్ద గడ్డలు అందులోకి రావు. జారి పక్కకు పడును. కుప్పలోని పెద్ద గడ్డలు, చిన్న గడ్డలు ఒకే గుణం కలవైతే నష్టం లేదు. కాని నలగని గడ్డ సాధారణంగా రాతిపాలు ఎక్కువగలది, మెత్తని బొగ్గు తేలికగా నలిగి పొడియగును. వ్యాగను మీద నిలబడి చేతిపారతో తీసినవాడు, ఎంత నిజాయితీపరుడైనా, రాయిని తక్కువగా తీసినవాడగును. దించుకొనే చోట వ్యాగన్లను బోర్లించి, క్రషరులో నలగగొట్టిన తరువాత నమూనా తీసిన పక్షంలో ఆ రాయి అంతా లెక్కలోకి వచ్చును. అక్కడ బూడిద హెచ్చు, ఇక్కడ తగ్గు. ప్రతి రేకులోను ఇంచుమించు అదే పక్కకు. మనిషి ఇష్టం కొద్దీ ఏరినచో భేదం ఒకనాడు పెద్దది, ఒకనాడు చిన్నది అయ్యెడిదేమో. పార ఏరినప్పుడు మాత్రం అది పట్టుదలగా ఒకే దిక్కున ఉండును. ఇది మా ఊహ మాత్రమే, రుజువు కాదని అప్పుడే ఆయనతో అన్నాము.

రుజువుకు దారి ఆయనే చూపినారు. ఎత్తే చోట తీసి నూరిన ఒకే పొడిని రెండు సంచులుగా చేసి, ఒకటి ఇక్కడి ప్రయోగశాలకు, ఒకటి అక్కడి ప్రయోగశాలకు పంపవలెను. దించుకొనే చోటి పొడిని కూడా అట్లే చేయవలెను. పొడి ఒకటే అయినప్పుడు ప్రయోగశాలల అంకెలు కలిసినచో తప్పు కొలిమిది కాదు, త్రాసుది కాదు. సంచి నిండుటకు ముందెక్కడో ఉన్నది. ఆర్.ఎ. ఫిషర్ విస్తృతి విశ్లేషణ అనే పేరుతో గ్రంథస్థం చేసిన ఆలోచన యొక్క గింజ ఇదే. మొత్తం ఊగులాటను ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరిదో వారికి అప్పగించుట. ఏడవ తరగతి చదివిన మనిషి దానిని బొగ్గు కుప్ప పక్కన కూర్చుండి చెప్పుచుండగా మేము కాగితం మీద గళ్లు గీసినాము.

అధికారులకు ఆయన సంజాయిషీతో పాటు ఈ కోరికను కూడా జోడించి వ్రాసినాము. కొన్ని నెలలు ఏ కదలికా లేదు. పిమ్మట, మా ఉత్తరం వలననో మరి ఏ కారణం వలననో, కొన్ని రేకులకు ఆ ప్రకారం సంచులు మార్చి పంపినారు. ఒకే పొడి రెండు చోట్లకు వెళ్లినప్పుడు ప్రయోగశాలలు బాగుగా కలిసినవి. భేదం సంచికి ముందే ఉన్నదని తేలినది. ఏ పారది, ఏ చేతిది అన్నది మాత్రం ఆ పరీక్ష చెప్పలేదు. ఆపై వ్యాగన్ల మీద తీయుట మాని, కన్వేయరు బెల్టు నుండి బొగ్గు జారిపడే చోట ప్రవాహం అంతటినీ అడ్డంగా కోసి నమూనా తీసే ఏర్పాటు చేసినారు. ప్రవాహాన్ని పూర్తిగా కోయుటయే మేలైన పద్ధతి. ఫ్రెంచి ఇంజనీరు పియర్ గీ తన జీవితమంతా గడ్డలు, పొడి కలిసిన కుప్పల నుండి నమూనా తీయు శాస్త్రానికే వెచ్చించి చెప్పినదాని సారం కూడా, కుప్పలోని ప్రతి గింజకు నమూనాలోకి వచ్చే సమాన అవకాశం ఉండవలెననియే.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక. సార్థకం అన్న మాట మోసకారి. పైన చెప్పిన 0.675 శాతం బూడిద, పాత సూత్రం ప్రకారం కిలోకు సుమారు 93 కిలో కెలోరీలు. తరగతి హద్దుకు దగ్గరలో ఉన్న రేకుకు అది పెద్ద డబ్బు. హద్దుకు దూరంగా ఉన్న రేకుకు ఏమీ కాదు. టి విలువకు ఈ సంగతి తెలియదు. అట్లే 'సార్థకం కాదు' అనగా 'భేదం లేదు' అని కాదు. మన అంకెలు చాలలేదని కావచ్చును, గుమాస్తా వలె జతలను విడదీసినామని కావచ్చును. బొగ్గును బరువైన ద్రవంలో తేల్చి కడిగే వాషరీలలో కూడా ఇదే చిక్కు. బొగ్గు సాంద్రత 1.3 చేరువ, రాయిది 2 దాటును. నడుమనున్న సాంద్రతగల ద్రవంలో వేసిన బొగ్గు తేలును, రాయి మునుగును. కాని మన బొగ్గులో సగం రాయి, సగం బొగ్గు అయిన గడ్డలు అధికం. అవి తేలవు, మునగవు, తప్పు దారిలో పోవును. ఎంత తప్పు దారిన పోయినదో ట్రాంప్ 1937లో సూచించిన వక్రరేఖ చూపును. క్రొత్త యంత్రం పెట్టి, పెట్టక ముందు నెల సగటును పెట్టిన తరువాతి నెల సగటుతో పోల్చి విజయం ప్రకటించే నివేదికలు చూచినప్పుడెల్ల, ఆ నెల గని నుండి వచ్చిన బొగ్గు అదే పొరదా అని అడుగవలెననిపించును. ఒకే బొగ్గును, ఒకే షిఫ్టులో, రెండు దారులలో పంపి జతలుగా కొలవనివాడు యంత్రాన్ని కాక పొరను మెచ్చుకొనుచున్నాడేమో!

కళాశాల సంఘం పెద్దలకు ఒక మనవి. మన సాంఖ్యక శాస్త్ర ప్రాక్టికల్సులో విద్యార్థులు ఏటేటా ఏవో పుస్తకాలలోని ఎకరాల గోధుమ దిగుబడులకు టి-పరీక్ష చేయుచున్నారు. వరంగల్లు జిల్లాలో గోధుమ ఎవరు చూచినారు? రసాయన శాస్త్ర విభాగంలో ఒక చిన్న కొలిమి, ఒక మంచి త్రాసు ఉన్నచో, కాజీపేట బొగ్గు దుకాణం నుండి తెచ్చిన ఒక బస్తాను ఇద్దరిద్దరు విద్యార్థులు వేరు వేరుగా పంచి, కాల్చి, తూచవచ్చును. ఒకే బస్తాలో నుండి వచ్చిన అంకెలు ఎంత తేడాగా ఉండునో చూచిన విద్యార్థికి క్రమవిచలనాన్ని వేరుగా బోధించనక్కరలేదు. ఖర్చు స్వల్పం.

మామూజాన్ ఉద్యోగ విరమణ చేసినారు. సంజాయిషీ లేఖకు ఆయన ఇచ్చిన జవాబు అందినట్లు రసీదు ఉన్నది; అది ఒప్పినదీ లేనిదీ తెలుపుతూ మాట రాలేదు. రావలసిన పింఛను వచ్చినది, చెల్లెలి పెళ్లి జరిగినది. మొన్న రంజాను సెలవులలో వెళ్లినప్పుడు ఆ నోటుపుస్తకం చివరి పుట చూపినారు. బెల్టు దగ్గర నమూనా తీయుట మొదలైన పిదప తాను పనిలో ఉన్న కాలమంతా జతలు వ్రాసినారు. భేదాలలో కొన్ని కూడిక గుర్తుతో, కొన్ని తీసివేత గుర్తుతో ఉన్నవి. "ఇప్పుడు లెక్క చేయి బేటా" అన్నారు. అక్కడే కూర్చుండి జతలు తీసి, భేదాల వర్గాలు కూడుచుండగా, ఆయన పట్టికలో ఏడవ వరుస మీద వేలు పెట్టి, ఇన్ని రేకులకు ఏ వరుస చూడవలెనని అడిగినారు. రేకుల సంఖ్యకన్న ఒకటి తక్కువ అని చెప్పినాము. ఎందుకు ఒకటి తక్కువ అన్నారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పుటకు ఆ సాయంత్రమంతా పట్టినది.